బిందె దించాక

చంద్రగిరి కోటకు చీరల ఫోటోలు తీయడానికి వచ్చే రుహీకి భుజాన కెమెరా, చంకన స్టీలు బిందె ఉండాల్సిందే. బిందె ఏ ఫోటోలోనూ కనపడదు. దాన్ని నీళ్లతో నిండా నింపి మోడల్ చంకకెత్తి, కాసేపు నడిపించి, దించమంటుంది. దించిన మరుక్షణమే రుహీకి ఫోటోలోకి కావాలి. చిత్తూరులో ట్యాంకరు నీళ్లు మోసుకొచ్చి బిందె దించాక, నడుం మీద చెయ్యేసి నిటారుగా నిలబడే వాళ్లమ్మ జైనబ్ బీని చూసి నేర్చిన విద్య అది. ఆ జైనబ్ బీ మాత్రం కెమెరా ఎత్తితే చాలు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. పోయేదాకా ఒక్క ఫోటో తీయనివ్వలేదు.

మొన్న కొత్తమ్మాయి భానుశ్రీ పట్టుచీరలో కొయ్యబొమ్మలా బిగుసుకుపోయింది. "ఏం రుహీ, మనది బిందెలంగడా? ఎండ పోతా ఉండాది," అని చీరలంగడి గంగాధరం విసుక్కున్నాడు. "రోంత ఓర్సుకో అన్నా," అంది రుహీ. భానుశ్రీ బిందె దించి, "అబ్బా!" అని నడుం నిటారు చేసుకుంది. చీర దానంతటదే కుదురుకుంది. రుహీ క్లిక్‌మనిపించింది. గంగాధరం తర్వాతి చీర మడత విప్పాడు.

పని ముగిశాక రుహీ కెమెరా దించి, నడుం మీద చెయ్యేసి నిటారుగా నిలబడింది. భానుశ్రీ సెల్‌ఫోన్లో ఫోటో తీసి చూపించింది. "సూడక్కా, ఎంత బాగుండావో!"

రుహీ ఫోన్ అందుకుని, ఫోటోలో నడుం మీదున్న చేతిని పెద్దది చేసి చూసింది. "నాకు పంపించమ్మా," అంది. "మా అమ్మీ ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు."