తిట్టూ మందూ

నా చిన్నప్పుడు నా కొత్త గౌను మీద బురద నీళ్లు చిందేలా పారబోసి, వెనక్కి తిరిగి కూడా చూడని ఒక మనిషి ఉండేది. మా పక్క చేను ముసలామె. అక్కడందరూ ఆమెను 'బా' అనేవారు, గుజరాతీలో అమ్మ అని. నేను మాత్రం ఎదురుగా ఒక్కసారీ అలా పిలవలేదు.

మేం సూరత్‌లో, లింబాయత్ అనే పేటలో ఉండేవాళ్లం. పాతికేళ్లు మరమగ్గాల మధ్య నిలబడి మా తాతయ్యకు చెవులు సగం పోయాయి. పని మానేశాక సచిన్ అనే ఊరి అవతల ఒక ఎకరం నల్లరేగడి కౌలుకు పట్టాడు. ఆ చేను పోతే ఆయన మిగిలిన రోజులన్నీ మా ఒంటి గదిలో, గోడ అవతలి మగ్గాల చప్పుడులోనే గడవాలి. అందుకే అదంటే ఆయనకు ప్రాణం.

మా వాళ్లు సొంత ఊళ్లో చేనేత నేసే రోజుల్లో, పడుగుకు పట్టించగా మిగిలిన గంజి నీళ్లను బీరపాదులకు పోసేవారట. పాదులు విరగకాసేవట. ఇక్కడ చేను పక్క కాలువలో ఏదో మిల్లు నుంచి తెల్లగా, గోరువెచ్చగా నీళ్లు వచ్చేవి. తాతయ్య వేళ్ల మధ్య రుద్ది చూశాడు. గంజి జిగురు తగిలింది. సంతోషంగా గండి కొట్టి చేనుకు పెట్టాడు. నేతపని చేసినవాడు తప్ప ఆ నీళ్లను ఇంకెవరూ నమ్మరు. గంజితో పాటు సోడా, ఉప్పు కూడా దిగుతున్నాయని ఆయనకు తెలియదు. మొదటి ఏడు జొన్న బాగానే వచ్చింది. రెండో ఏటికి నేల మీద తెల్లటి పొర తేలింది. నీళ్లు ఇంకవు, ఎండితే పలకలా బిగుసుకుపోతుంది.

ఎండాకాలంలో ఒక ఆదివారం బా గట్టు దాటి వచ్చింది. చేతిలో రెండు గాజు గ్లాసులు, వాటి నిండా మంచినీళ్లు. ఒకదాంట్లో తన చేను మట్టిగడ్డ వేసింది, రెండోదాంట్లో మాది. ఆమె గడ్డ అడుగున కుదురుగా కూర్చుంది. మాది పొగలా విరిగిపోయి, గ్లాసంతా చాయ్ రంగుకు తిరిగింది.

తాతయ్యకు గుజరాతీ రాదు. బడిలో నేర్చుకున్న నేనే చెప్పాలి. అదే నా మొదటి కోపం. మా తాతయ్యను తిట్టడానికి ఆమె నా నోరు వాడుకుంది.

"ఛోక్రీ, మీ తాతకు చెప్పు. చెడిన మట్టి నీళ్లలో ఇలాగే విరిగిపోతుంది. ఈ నేలను చంపింది ఆయనే. మిల్లులో బతికినవాళ్లకు బట్ట తెలుస్తుంది గానీ మట్టేం తెలుస్తుంది?"

ఆమె అక్కడితో ఆగలేదు. ఆ గండి మూసేయమంది. వాన నీళ్లు ఉప్పును కడుక్కుపోయేలా పల్లం వైపు కాలువ తీయమంది. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పూతకు ముందే కలియదున్నమంది. ఆ ఉప్పు తన చేలోకి ఊరుతోందనీ, మానకపోతే దీపావళికి భూమి ఆసామికి చెప్పి వెళ్లగొట్టిస్తాననీ అంది. చివరకు మా గ్లాసును విసురుగా పారబోసింది. బురదంతా నా గౌను మీద పడింది.

"ఏమన్నది బిడ్డా?"

"తిడుతుంది తాతా. నీకు మట్టి తెల్వదంట."

"ఇంకేమన్నది?"

"ఏమనలే. గదే."

గండి మూయలేదు. ఆ వానాకాలం మొలక మొలకగానే మాడిపోయింది. దీపావళి వెళ్లిన మర్నాడు కామ్‌రేజ్ నుంచి ఆసామి వచ్చి చేను ఖాళీ చేయమన్నాడు. తాతయ్య గట్టు మీద కూర్చుని ఆ తెల్లపొరను గోటితో గీకుతూ ఉండిపోయాడు. నాకు అప్పుడు భయమేసి అంతా చెప్పేశాను. ఆయన కొట్టలేదు.

"తిట్టు మోసుకొచ్చినవ్ బిడ్డా. మందు ఆడనే ఇడిసిపెట్టినవ్."

అంతే అన్నాడు. నా చెయ్యి పట్టుకుని బా గడపకు నడిచాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా నా చేత రెండేసిసార్లు చెప్పించుకున్నాడు. ఆమె మమ్మల్ని కూర్చోమనలేదు. కానీ ఆసామికి కబురు పెట్టింది, రెండు వానాకాలాలు ఆగమని.

ఆ రెండు వానాకాలాలూ సెలవు రోజున మా ఇంట్లో అందరి చేతుల్లోనూ పారలే. గండి మూశాం, కాలువ తీశాం, జీలుగ దున్నాం, మేకల ఎరువు మోశాం, మట్టి కొట్టుకుపోకుండా గట్లు వేశాం. ఆసామి మళ్లీ వచ్చిన రోజు బా అతని ముందే మా చేను గడ్డ గ్లాసులో వేసింది. నీళ్లు కాస్త మసకబారాయి గానీ గడ్డ విరగలేదు.

"ఉండనీ వీళ్లను," అంది అతనితో. మాతో ఒక్క మంచి మాటైనా అనకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు మాకు సొంతంగా రెండెకరాలున్నాయి. ప్రతి ఏడూ విత్తే ముందు గాజు గ్లాసులో గడ్డ వేసి చూస్తాను. ఎవరైనా తిడితే మధ్యలో లేచి వెళ్లను, చివరిదాకా వింటాను. మందుంటే తీసుకుంటాను, తిట్టును కూడా దాచుకుంటాను. ఆ గౌను ఇంకా నా పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. అది మా చేను మట్టే, మేం పాడుచేసిన మట్టే. ఒప్పుకుంటాను. పారబోసింది మాత్రం ఆమే.