కోత అంచున ఎరుపు

ఇన్నేళ్లూ ఇది రాయకపోవడానికి భయం కారణం కాదు. నాకు అప్పట్లో అక్షరాలు రావు. మా ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 2లో మన తెలుగు ఆడవాళ్లు నడిపే మధ్యాహ్నపు తరగతిలో కూర్చుని, అరవై దాటాక నేర్చుకున్నాను. అంతకుముందు నోటితో చెబితే విన్నవాళ్లు నా భుజం తట్టి, టీ ఇచ్చి పంపేవారు.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా అత్తగారు చీకటి పడితే పెరట్లోకి వెళ్లేది కాదు. గిన్నెలు తోమడానికి నేనే వెళ్లేదాన్ని.

మా ఆయన స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో టర్నరు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత యుద్ధవిమానాల రాకెట్ భాగాలు సేకరించడం. రెక్క కింద నుంచి వదిలే రాకెట్లు, ప్రమాదంలో పైలట్ కుర్చీని పైకి ఎగరేసే గొట్టాలు. అన్నీ మందు తీసేసిన ఖాళీవే. లోపల ఏముందో పిల్లలకు చూపించడానికి నిలువునా కోసిన నమూనాలు. శిక్షణ సంస్థలు పారేసినవాటిని వెతికి తెచ్చుకునేవారు. మా ముందు గది నిండా అవే ఉండేవి.

కోసిన అంచుకి ఎరుపు రంగు వేయడం వాటి పద్ధతి.

"ఎరుపెయ్యకపోతే ఇరిగిపోనాదనుకుంటారే" అనేవారు.

"నన్నూ ఓపాలి కోసి సూడకూడదేటి, లోపలేటున్నాదో" అనేదాన్ని.

"నీ లోపలేటున్నాదో నాకు తెల్దేటి" అని నవ్వేవారు.

చివరిది ఆయనే స్వయంగా కోశారు. బరువైన విమానం నేల విడవడానికి వెనక నుంచి తోసే రాకెట్ గొట్టం అది. కోత పూర్తయింది. ఎరుపు వేయకముందే గుండె ఆగి పోయారు.

సంవత్సరీకం అయ్యాక నాగపూర్ నుంచి ఒకాయన వచ్చి అన్నీ తీసుకెళ్లాడు. ఆ ఒక్కటీ వదిలేశాడు. "యే తో అధూరా హై, మాతాజీ" అన్నాడు. నిజమే, అది సగంలో ఆగిన పని.

గది ఖాళీ అయ్యాక నాకు వంట చేసుకోబుద్ధి కాలేదు. రోజూ ఆ గొట్టం ముందు కూర్చుని ఒక్కసారి రమ్మని ఆయన్ని అడిగేదాన్ని. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. కలలోకి కూడా రాలేదు.

ఒకరోజు పక్క ఊరు ఉతైలో చుట్టాలింట్లో పెద్దకర్మకి వెళ్లాల్సి వచ్చింది. కిటికీలు మూసి, ఇంటికి తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవినీ కొంగుకి కట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి ఇంకా ఎండగానే ఉంది. పక్క క్వార్టర్ ఆవిడ గుమ్మంలోంచి అడిగింది.

"దీదీ, పెయింట్ వేయిస్తున్నావా? భోజనాల వేళ నుంచీ వాసనొస్తోంది."

తాళం నేను వేసినట్టే ఉంది. గది నేల మీద దుమ్ములో నా అడుగులు తప్ప ఇంకొకరి జాడ లేదు. గొట్టం అంచు చుట్టూ ఎరుపు. ముట్టుకుంటే వేలికి అంటింది. గీత గీసినట్టుంది, ఒక్క చుక్క కూడా లోపలికి జారలేదు. అలా వేయడం నేను ఒక్కరి దగ్గరే చూశాను.

ఆయన రంగు డబ్బా బల్ల కింద ఉంది. మూత పెళ్లగించి చూశాను. రంగు రాయిలా గట్టిపడిపోయింది. కుంచె వెంట్రుకలు పుల్లల్లా ఉన్నాయి.

రాయపూర్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను.

"నువ్వే ఏసి మర్చిపోయుంటావమ్మా. టెన్షన్ మత్ లో, కంగారు పడకు."

"నా సెయ్యి టీ గ్లాసు పట్టుకుంటేనే వణుకుతాది కదరా."

వాడు డాక్టరుకి చూపిద్దాం అన్నాడు.

చూపించాడు కూడా. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో డాక్టరు చెప్పలేదు, మా అబ్బాయి చెప్పలేదు, నేనూ చెప్పలేను. ఎరుపు చూసిన ఆ సాయంత్రం నాకు భయం వేయలేదు, ఏడుపు వచ్చింది. నేను లేని పూట చూసుకుని ఆయన వచ్చారు. ఇనుము కోసం వచ్చారు. పని పూర్తి చేసుకుని వెళ్లిపోయారు. ఇక ఆయనకి ఈ ఇంట్లో మిగిలిన పని లేదు.

మర్నాడు ఉదయం ఎమరీ కాగితం తీసుకుని, తెల్లని ఇనుము బయటపడేదాకా ఆ రంగంతా గీకేశాను. రాలిన ఎరుపు పొడిని ఊడ్చాను. కిటికీలు మూసి, ఇంటికి తాళం వేసి, పొద్దుగూకేదాకా తిరిగి రాకూడదనుకుని బయటికి వెళ్లిపోయాను.