అరచేతిలో ఐదో పేరు

మా అన్న ముంజిర్, పేరు తెలియని మనిషి ఫొటోను ఎవరికీ పంపేవాడు కాదు. మా సైదా పట్నంలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే రోజుల నుంచీ అదే అలవాటు. పెళ్ళికూతురి మేనత్తలందరినీ నిలబెట్టి, ఒక్కొక్కరి పేరూ అడిగి, ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకునేవాడు. "ఫొటోలకొచ్చావా నాయనా, జనాభా లెక్కలకొచ్చావా?" అని వాళ్ళు వేళాకోళం చేసేవారు.

మా అరబ్బుల్లో మొదటి కొడుకు పుట్టగానే ఆడదాని పేరు అటకెక్కుతుంది. అప్పటి నుంచీ ఆవిడ ఫలానావాడి అమ్మ. మా వీధిలో మా అమ్మ ముంజిర్ అమ్మే. అన్న దానితో ఊరుకునేవాడు కాదు. "అది మీ అబ్బాయి పేరు. మీ పేరు చెప్పండి" అనేవాడు. కొందరు సిగ్గుపడేవారు. కొందరు కాస్త ఆలోచించుకుని చెప్పేవారు.

యుద్ధం మా దేశంలో దక్షిణాది ఊళ్ళ మీదికి వచ్చాక ఒక వార్తా సంస్థ అతన్ని పనిలోకి తీసుకుంది. ఇప్పుడు అరచేతిలో ఎక్కువగా చనిపోయినవాళ్ళ పేర్లు. ఇంటికొచ్చి అతను చదువుతుంటే నేను నోట్‌బుక్కులో ఎక్కించేదాన్ని. అన్నం ముందు ఆ పని అమ్మకు గిట్టేది కాదు. "ముందు చేతులు కడుక్కోరా! వాళ్ళందరితో కలిసి భోజనానికి కూర్చుంటావా?" అని కసిరేది.

అక్టోబరులో ఒక కొండ ఊళ్ళో, మొదటి బాంబు పడ్డ చోటే పడిన రెండో బాంబుకు అన్న పోయాడు. అతన్నీ కెమెరానూ డ్రైవర్ ఫవ్వాజ్ ఇంటికి తెచ్చాడు.

"పనైపోయి కారెక్కామమ్మా" అని గుమ్మంలో కూలబడ్డాడు. "మళ్ళీ దిగాడు. ఒక్క నిమిషం, ఆ పోయినావిడ సొంత పేరు ఎవర్నీ అడగలేదు అన్నాడు. పేరెక్కడికి పోతుందన్నా, రేపడుగుదువులే అన్నాను. వింటేగా!"

బాంబుకు పోయినవాడు అమరుడు, స్నానం అక్కర్లేదు, ఆ బట్టలతోనే పూడ్చవచ్చు అన్నారు మసీదు పెద్ద.

"అమరుడు మీకు. నాకు కొడుకు. ఆ దుమ్ముతో నేను పంపను" అంది అమ్మ.

మామయ్య నీళ్ళు కాచేలోపు నేను అన్న ఎడమ చెయ్యి విప్పి చూశాను. ఐదు పేర్లు. నాలుగు స్పష్టంగా ఉన్నాయి. ఐదోదానిలో నడిమి అక్షరం చెమటకు చెదిరింది. 'హాదీ అమ్మ' అని చదివాను. నేను బడిలో అరబ్బీ చెబుతాను. అన్న దస్తూరీ నాకు కొట్టిన పిండి. ఇంకోసారి చూడాలని కూడా తోచలేదు. ఐదూ రాసుకుని మామయ్యకు చోటిచ్చాను.

వార్తా సంస్థకు ఫొటోలతో పాటు పేర్లూ పంపాను. ఐదో ఫొటోలో ఒకావిడ గడప మీద పక్కకు ఒరిగి ఉంది. వెనక గోడకు ఆరేసిన పొగాకు దండలు.

పన్నెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

"ముంజిర్ చెల్లెలివేనా?"

"అవునండీ. ఎవరు?"

"నువ్వు చంపినదాన్ని."



"హాదీ అమ్మను! మావాడు ఆ ఫొటో కింద పేరు చూసి కువైట్ నుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. మాట్లాడేది నువ్వేనా అమ్మా అంటాడు. నేను కాకపోతే నా దయ్యమా, వెధవా అన్నాను." నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి, దగ్గు ఏడుపులోకి దిగింది. "ఆ ఫొటోలో ఉన్నది పక్కింటి హానీ అమ్మే అమ్మాయ్. ఆ పొగాకు దండలు దానివే. ముప్పయ్యేళ్ళు ఒకే పొయ్యి మీద రొట్టెలు కాల్చుకున్నాం."

ఒక్క అక్షరం. పిల్లల పలకల మీద రోజూ నేను దిద్దే అక్షరమే.

"ఆవిడ సొంత పేరేమిటి పిన్నీ?"

"చెప్పాగా, హానీ అమ్మ."

"అది వాళ్ళబ్బాయి పేరు."

"ఉండు... నాలిక చివర్నే ఉంది... లేదే, రావడం లేదు. హానీ కూడా అదే పూట పోయాడు, ఇంకెవర్నడగను? ముప్పయ్యేళ్ళూ ఒక్కసారి అడగలేదేమిటి నేను?"

తప్పు దిద్దిస్తానన్నాను. ఫోన్ పెట్టేయబోతూ ఆమె పేరూ అడిగాను.

"బతికున్నదాన్ని, నా పేరెందుకే నీకు?" అంది. మళ్ళీ తనే, "నజ్లా. రాసుకో. ఈసారైనా సరిగ్గా రాసుకో" అంది.

ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసింది. ఆ పేరు మిగిలిన చుట్టాలెవరికీ తెలియలేదట. ఊరి రిజిస్టర్లున్న గది కాలిపోయిందట.

ఆ ఫొటో కింద ఇప్పుడు 'హానీ అమ్మ' అని ఉంది. అన్న అయితే దాన్ని పంపేవాడు కాదు.