సైకిలుకి అద్దం

చోడవరం బట్టల కొట్లో చీరలు మడతపెట్టే గణపతిరావు, పొద్దున్నే బుచ్చయ్యపేటలో సైకిలెక్కేముందు కుడికాలి పాంటు అంచుని కూడా అంతే పద్ధతిగా మడిచి రబ్బరు బ్యాండు వేస్తాడు. మలుపు ఉన్నా లేకపోయినా బెల్లు కొడతాడు. లారీల హారన్లలో ఆ బెల్లు ఆయనకే వినపడదు. చెరకు సీజన్ మొదలయ్యాక కూతురు ప్రవల్లిక భయపడి హ్యాండిల్‌కి అద్దం పెట్టించింది. "ఎనకొచ్చే బళ్లు కనపడితే పక్కకి దిగిపోవచ్చు కదా నాన్నా" అంది.

మొదటిరోజే అద్దం నిండా చెరకు లారీ కనిపించింది. రెండువైపులా గడలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. దిగుదామంటే ఎడమపక్క పైపుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి, కుడిపక్క ఎదురొచ్చే ఆటోలు. అద్దంలో లారీ పెద్దదవుతుంటే చూపు తిప్పుకోలేక, హ్యాండిల్ బిగించి పట్టుకుని తొక్కుతూనే ఉన్నాడు. ఒక గడ కొస చొక్కా భుజాన్ని గీరుకుంటూ పోయింది.

సాయంత్రం కూతురు అడిగింది. "అద్దం బాగుందా నాన్నా?"

"బాగుందమ్మా. అన్నీ కనపడతన్నాయి."

మర్నాడు ప్రవల్లిక గుమ్మంలో నిలబడి చూస్తుంటే అద్దాన్ని శుభ్రంగా తుడిచి బయల్దేరాడు. వీధి మలుపు తిరిగాక సైకిలు ఆపి, అద్దాన్ని నేలవైపుకి వంచేసి, మెయిన్ రోడ్డెక్కాడు.