చింతచెట్టుకు తగులుకున్న గాలం

నేను మల్లమ్మను. డెబ్బై ఏళ్లు. పటాన్‌చెరు కంపెనీలో పనిచేసే నా ఒక్క కొడుకు యాదగిరితో ఉంటాను. వాడికి ఈత రాదు.

ఈ రోజు సెలవని చేపల సంఘం పడవలో నన్నూ ఎక్కించుకుని, సింగూరు నీళ్లలో రెండు చేతులా తెడ్లు వేస్తూ, పడవ వెనక ఈడ్చే గాలం దారాన్ని కాలికి కట్టుకున్నాడు. ప్రాజెక్టులో మునిగిన మా చేను మీదికి రాగానే అరిచాను.

"జల్దీ నడుపురా! మెల్లగ పోతె గాలం కిందికి దిగి మన చింతచెట్టుకు తగుల్తది."

"పెద్ద చేపలు అడుగునే ఉంటయే అవ్వా," అని ఇంకా నెమ్మదించాడు.

దారం బిగిసింది. కాలు లాక్కుపోయి పడవ ఒరిగింది. వాడేమో "చేప పడ్డదే!" అని నవ్వుతున్నాడు. నా వక్కల సంచిలోని అడకత్తెరతో దారం తెంపేశాను.

చేపల సంఘం పెద్దలారా, దారం కాలికి కట్టుకోనని ఒట్టేసేదాకా మీరు వాడికి పడవ ఇవ్వకూడదు. తప్పంటారా? మీరే చెప్పండి.

ఇది నా వేలిముద్ర. వంకరగా పడింది ముసలితనం వల్ల కాదు, అడకత్తెర ఇంకా ఆ చేతిలోనే ఉంది.

సాక్షులు: కోడలు లక్ష్మి, పక్కింటి సత్తయ్య.