పాసుపుస్తకం ఫోటోలో ఉన్నామె

మా మండలంలో భూముల రీసర్వే జరిగిన ఏడాది అది. చిత్తూరుకు బస్సులో గంట లోపు దూరంలో ఉన్న చిన్న టౌనులో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురు వరుసలో నాదొక గది. నేను డాక్యుమెంట్ రైటర్‌ని. అమ్మకాలు, భాగపరిష్కారాలు, వీలునామాలు రాస్తాను. రీసర్వే పుణ్యమా అని ఆ ఏడాది మాత్రం వాటికంటే ఫ్యామిలీ ట్రీలే ఎక్కువ రాశాను. ఫ్యామిలీ ట్రీ అంటే వంశవృక్షం. భూమి ఎవరి పేరున ఉందో ఆ మనిషి చనిపోతే, వారసులెవరో చూపించే పటం. ఇంట్లోవాళ్లు దాని కింద ప్రమాణం చేసి సంతకాలు పెడతారు. విచారణ అయ్యాక పాసుపుస్తకంలో పేర్లు మారతాయి. ఆ మార్పును మ్యుటేషన్ అంటారు.

నేను పెరిగింది అంగట్లో. మా నాయనది చిల్లర అంగడి. బొమ్మలతో ఆడుకోవాల్సిన వయసులో తూకపు రాళ్లతో ఆడుకున్నాను. నా పెళ్లిలో మేళగాళ్లతో బేరమాడింది పెళ్లికూతురేనని మా ఆయన ఇప్పటికీ ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు. నాకు బేరం చేసేవాళ్లంటే గౌరవం. చేయనివాళ్లంటే భయం. గుణశేఖర్, భాస్కర్ అనే అన్నదమ్ములు ఒక ఫైలు పట్టుకుని వచ్చినప్పుడు, అలవాటు ప్రకారం ఫీజు ఎక్కువే చెప్పాను, తర్వాత దిగొచ్చని. పెద్దవాడు గుణశేఖర్ "సరే మేడం, ఈ పొద్దే రాసిచ్చేయండి" అన్నాడు. ఇంకాస్త ఎక్కువ చెప్పాల్సిందని ఒక క్షణం బాధపడ్డాను. ఆ తర్వాత అనుమానం మొదలైంది.

ఫైలులో రెండే ముఖ్యమైన కాగితాలు. ఒకటి, మూడెకరాల మామిడితోటకు పాసుపుస్తకం. చెంగల్రాయుడి భార్య రాజమ్మ పేరున ఉంది. రెండోది, అదే రాజమ్మ మరణ ధ్రువీకరణ పత్రం. ఆ పత్రం మొన్నమొన్న ఇచ్చింది. చనిపోయిన తేదీ మాత్రం ఎప్పటిదో, గుణశేఖర్‌కు రెండేళ్ల వయసప్పటిది. అంత పాత చావును నమోదు చేయించాలంటే పై అధికారి ఆర్డరు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నారు. పాసుపుస్తకం తెరిస్తే అందులో ఫోటో ఒక ముసలామెది. రెవెన్యూ వాళ్లు ఈ మధ్య తీసిన రంగుల ఫోటో.

"ఈమె ఎవరు?" అని అడిగాను.

"మా పిన్నమ్మ" అన్నాడు గుణశేఖర్.

"మరి రాజమ్మ?"

"మా యమ్మ. సచ్చిపొయ్యి శానా కాలమాయ. మాయమ్మ పేరు పెట్టుకోని ఈయమ్మ భూమి అనుభవిస్తా ఉండాది. బైపాసు పక్క భూమి మేడం, లేఔటు వాళ్లు అడుగుతా ఉండారు. ఈయమ్మ అమ్మనీదు. అసలు యజమానే లేదని చెప్పి వారసులుగా మేమిద్దరం మ్యుటేషన్ పెట్టుకుంటాం."

తమ్ముడు భాస్కర్ గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు.

నాకొక పద్ధతి ఉంది. ఇంట్లో పెద్ద ఆడమనిషితో మాట్లాడకుండా వంశవృక్షం రాయను. మగవాళ్లు చెబితే చెట్టుకు మగకొమ్మలే మొలుస్తాయి. ఆడపిల్లలను మర్చిపోతారు, చనిపోయినవాళ్లను కలిపేస్తారు. సోమవారం రమ్మని ఇద్దరినీ పంపించి, మరునాడు స్కూటీ మీద వాళ్ల ఊరికి పోయాను.

తోటలో తోతాపురి చెట్ల కింద ఫోటోలోని ముసలామె ఆవుకు గడ్డి వేస్తోంది. నేనెవరో చెప్పినా చేతిలో కొడవలి కింద పెట్టలేదు.

"పెద్దోడు పంపించినాడా? ఏలిముద్ర ఎయ్యను, పో" అంది.

"ఏలిముద్ర వద్దు పెద్దమ్మా. నీ పేరు చెప్పు చాలు."

"ఏ పేరు?" అని ఎదురడిగింది.

ఆమె పేరు మునెమ్మ. రాజమ్మకు చెల్లెలు. అక్క జ్వరంతో చనిపోయినప్పుడు ఆమెకు పదహారేళ్లు దాటలేదు. పసిబిడ్డను చూసేవాళ్లు లేరని పెద్దలు ఆమెను బావకే ఇచ్చి చేశారు. మా ప్రాంతంలో ఇది అందరికీ తెలిసిన ఏర్పాటే. గుడిలో దండలు మార్చారు, అంతే. చెంగల్రాయుడి రేషన్ కార్డులో భార్య పేరు రాజమ్మ అని ముందే ఉంది. "పేరు మార్పించాలంటే ఆఫీసుల సుట్టూ ఎవురు తిరిగేది? పెండ్లాం అంటే పెండ్లామే గదా, ఉండనీ అన్నాడు మా బావ" అని చెప్పింది. రేషన్ కార్డును చూసి ఓటరు లిస్టు రాశారు. వాటిని చూసి బ్యాంకువాళ్లు రాశారు, ఆధార్ వాళ్లు రాశారు. చెంగల్రాయుడు పోయాక ఆధార్ చూసి పాసుపుస్తకం రాశారు.

ఆమె బొడ్డు సంచిలో, గుడిసె చూరులో, ఇనుప పెట్టెలో ఉన్న కాగితాలన్నీ తెప్పించి నులకమంచం మీద పరిచాను. నా వృత్తి ఇదే కదా, కాగితాల్లో మనిషిని వెతకడం. బోరు లోను తీసుకున్నది రాజమ్మ. కరువు ఏడాది ఉపాధి పనికి పోయి గుంతలు తవ్వింది రాజమ్మ. పాల కేంద్రంలో పాలు పోసింది రాజమ్మ. ఎలక్షన్లన్నిటిలో ఓటేసింది రాజమ్మ. గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్నది కూడా రాజమ్మే. ఒక ఆడమనిషి యాభై ఏళ్ల సేద్యం, చెమట, నొప్పి మొత్తం ఆ మంచం మీద ఉంది. మునెమ్మ అనే మాట ఒక్కచోట కూడా లేదు.

"అక్క పేరు దొంగతనం చేసినానంట. పోలీసులకు పట్టిస్తానని పెద్దోడు చెప్తా ఉండాడు" అంది. "నా రొమ్ము తాగినోడు పాపా వాడు. బిడ్డను కనకముందే నాకు పాలు పడినాయి, వాడు ఏడ్చి ఏడ్చి పట్టించినాడు. పోలీసులు నిజంగా పట్టుకపోతారా?"

పట్టుకోరని చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ఆమె రాజమ్మనని అంటే, రాజమ్మ చనిపోయినట్టు సర్కారు ముద్ర ఉంది. మునెమ్మనని అంటే, అలాంటి మనిషి ఈ దేశంలో లేదు. ఎటు తిరిగినా తోట పోతుంది, తోటతో పాటు ఆమె కూడు పోతుంది. నాకు మండింది ఎక్కడంటే, ఆ మరణ పత్రంలో ఒక్క అబద్ధం లేదు. దొంగ కాగితాలు నేను చాలా చూశాను, వాటి మీద నాకింత కోపం ఎప్పుడూ రాలేదు. యాభై ఏళ్లు అవసరం లేని నిజాన్ని, అమ్మ పేరు మీద కనీసం తద్దినం పెట్టని కొడుకు, లేఔటు కోసం తవ్వి తీశాడు. స్కూటీ మీద తిరిగొస్తూ దారిలో కనిపించిన లేఔటు రాళ్లనన్నిటినీ తిట్టుకుంటూ వచ్చాను.

సోమవారం అన్నదమ్ములు వచ్చారు. నేను కోపం కనపడనివ్వలేదు. సరుకు మీద ఆశ ఉందని మొహంలో తెలిస్తే బేరం చెడుతుంది, కోపానికీ అదే లెక్క. తెల్లకాగితం తీసి పైన చెంగల్రాయుడు, పక్కన రాజమ్మ అని రాశాను. కింద రెండు గీతలు గీశాను.

"వారసుల వయసులు రాయాలి. టెన్త్ సర్టిఫికెట్లు ఇవ్వండి."

గుణశేఖర్‌ది సరిపోయింది. భాస్కర్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు రాజమ్మ అని ఉంది. పుట్టిన తేదీ పక్కన మరణ పత్రం పెట్టి, ఇద్దరికీ కనపడేటట్టు తిప్పాను.

"ఏమప్పా భాస్కరూ, రాజమ్మ పోయిన నాలుగేళ్లకు నువ్వు పుట్టినావు. ఎట్ల రాసేది?"

భాస్కర్ క్యాలెండరు నుంచి కళ్లు తిప్పాడు.

"వాడు పిన్నమ్మకు పుట్టినాడు మేడం, అందురికీ తెలుసు" అన్నాడు గుణశేఖర్.

"అందరికీ తెలిసింది నాకు పనికిరాదు. పిన్నమ్మ మీ నాయన పెండ్లామని ఏ కాగితంలో ఉంది? ఆయమ్మ దొంగ అంటివి గదా. దొంగకు పుట్టినవాడిని చెంగల్రాయుడి కొడుకని ఎట్ల రాసేది? ఈ కాగితాల ప్రకారం వారసుడివి నువ్వొక్కడివే."

గుణశేఖర్ నా గీతల వైపు చూశాడు, రెండో గీత దగ్గర కాసేపు ఆగాడు. అంగట్లో పుట్టినదాన్ని, మనిషి మనసులో లెక్క వేసుకునేటప్పుడు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మొహాన్ని తమ్ముడు కూడా చూశాడు.

"ఏందన్నా, మాట్లాడవు?"

"ఉండ్రా, ఆలోచిస్తా ఉండా."

"దీంట్లో ఆలోచించేదేముండాది? నేను నీ తమ్ముడు గాదా?"

"కాగితాల సంగతి రా, అరవద్దు..."

"కాగితాలంట! మేడం, ఆయమ్మ మా యమ్మ. మా నాయన కట్టుకున్న పెండ్లాం. రాయండి. నేను యాడైనా చెప్తా."

ఇక్కడ చదివేవాళ్లకు కళ్లు చెమ్మగిల్లుతాయేమో, నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ తల్లిని పోలీసులకు పట్టిస్తామంటుంటే క్యాలెండరు చూస్తూ కూర్చున్నవాడు వీడు. తన భాగం కదిలేసరికి అమ్మ గుర్తొచ్చింది. "ఇంతకుముందు ఎవరమ్మ ఆమె?" అని అడిగేశాను. ఫీజు ఇచ్చేవాళ్లతో అలా మాట్లాడటం మా నాయన వినుంటే అంగడి మూసి తలుపేసుకునేవాడు.

గుణశేఖర్ లేచాడు. "మేం వేరే రైటరు దగ్గరికి పోతాం" అన్నాడు.

"పో. ఫైలుతోపాటు ఇది కూడా చూపించు" అని, ఈలోపు తహసీల్దారు ఆఫీసులో తీయించిన నకలు ఒకటి బల్ల మీద పెట్టాను. తండ్రి చనిపోయినప్పుడు భూమి తల్లి పేరుకు మార్చమని ఇచ్చిన వాంగ్మూలం. భార్య రాజమ్మ జీవించి ఉన్నదని, ఫోటోలోని మనిషి ఆమేనని చెప్పి సంతకం చేసింది గుణశేఖర్. "పేరు దొంగతనమే అయితే మొదటి సాక్షివి నువ్వే నాయనా. స్టేషన్‌కు పోయేటప్పుడు నువ్వూ మీ పిన్నమ్మా ఒకే ఆటోలో పోండి, చార్జీ కలిసొస్తుంది."

అతను కూర్చున్నాడు. ఆ తర్వాత జరిగింది మామూలు పనే. ఇద్దరి చేత ప్రమాణపత్రం రాయించాను: రాజమ్మ చనిపోయిన తర్వాత ఆమె చెల్లెలు మునెమ్మను తమ తండ్రి పెళ్లి చేసుకున్నాడు, పాసుపుస్తకంలో ఫోటో మునెమ్మది, పేరు మాత్రమే పొరపాటు. చెట్టులో చెంగల్రాయుడి పక్కన ఇద్దరు భార్యలనూ రాశాను. విచారణకు అధికారి ఊరికి వచ్చినప్పుడు పాల కేంద్రం ఆడవాళ్లు పదిమంది పని మానుకుని వచ్చి నిలబడ్డారు. "ఈమె పేరేమి?" అని ఆయన అడిగితే, "మునెమ్మక్క! ఇంకెవురు?" అని ఆయన్నే తెలివిలేనివాడి కింద జమకట్టారు. ఊరికంతా తెలిసిన పేరు ఒక్క సర్కారుకే తెలియదు. ఆధార్, ఓటరు కార్డు, పాసుపుస్తకం ఒకదాని వెంట ఒకటి మారడానికి ఏడాది పట్టింది. ప్రతి కౌంటర్లోనూ అడిగారు, ఇన్నాళ్లు ఎందుకు మార్పించుకోలేదని. పేరు రాసుకున్న మనుషులు, మొహం చూసి అడగకుండా రాసుకున్న మనుషులు, తప్పు ఆమెదే అన్నట్టు అడిగారు.

కాగితం నిజమా, అబద్ధమా అని చూడటం నా వృత్తి మొదట్లోనే నేర్చుకున్నాను. అది చాలదని ఈ కేసు నేర్పింది. నిజమైన కాగితం వచ్చినప్పుడు కూడా ఇప్పుడు అడుగుతాను, దీన్ని ఈరోజే ఎందుకు తెచ్చారని, దీంతో ఎవరు ఇల్లు ఖాళీ చేయాలని. కొందరు ఫైలు తీసుకుని వేరే రైటర్ దగ్గరికి పోతారు. పోనీ. ఫ్యామిలీ ట్రీలో ఆడవాళ్ల పేర్లు రాసేటప్పుడు పుట్టింటి పేరు, పిలిచే పేరు కూడా అడిగి రాస్తున్నాను. అవి రాయడానికి గడి లేదని ఆఫీసులో గొణుగుతారు. పక్కన ఖాళీ ఉంది కదా అంటాను.

కొత్త పాసుపుస్తకం వచ్చిన నెలలోపే మునెమ్మ ఒంటరిగా బస్సెక్కి నా గదికి వచ్చింది. ఒక గంప మామిడికాయలు దించి, కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

"సిన్నోడు ఈలునామా రాయించుకోని రమ్మన్నాడు పాపా, తోట వాడి పేరుకి."

నా కోపం మళ్లీ నెత్తికెక్కింది. "నువ్వేమన్నావు పెద్దమ్మా?"

"ఏమంటాను? మునెమ్మ పుట్టి ఇంగా నెల గాలేదు, అప్పుడే ఈలునామా ఏందిరా, కొన్నాళ్లు బతకనీ అన్నాను."