ముక్కు మెచ్చిన హోటల్

రాజారావు గారు వాసన చూడనిదే ఈ లోకంలో దేన్నీ నమ్మరు.

పాల ప్యాకెట్ కత్తిరించగానే ఒకసారి, కాచేముందు ఒకసారి, కాచాక ఇంకోసారి. కూరగాయల బండి దగ్గర అందరూ బెండకాయ కొస విరిచి చూస్తే ఆయన కాయను ముక్కు కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. పొద్దున్నే పేపరు రాగానే చదవరు, పీలుస్తారు. కూతురు సుప్రజ పెళ్ళిచూపుల నాడు, వరుడు జయకృష్ణ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి లేవగానే, దీవిస్తున్నట్టు దగ్గరికి తీసుకుని అతని భుజం మీద ముక్కు ఆనించి నిండుగా ఊపిరి లాగారు. "వేపసబ్బు. కుర్రాడు నికరం," అని అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశారు. ఆ జయకృష్ణ ఇప్పటికీ అత్తారింటికి బయల్దేరిన రోజున వేరే సబ్బు ముట్టుకోడు.

ముక్కును నమ్ముకుని బతికేవాళ్ళు దేశంలో లేకపోలేదు. కన్నౌజ్ సందుల్లో తొలకరి మట్టివాసనను సీసాల్లోకి పట్టి అమ్మేవాళ్ళున్నారు. నీలగిరుల్లో తేయాకు మంచిచెడ్డలు చెప్పే పెద్దమనుషులు జలుబు చేస్తే ఆ పూటకు పని మానుకుంటారు. వాళ్ళందరికీ ఆ ముక్కుకు జీతం ఉంది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన రాజారావు గారు మాత్రం ఈ సేవ పూర్తిగా ఉచితంగా, ఎవరూ అడగకుండా చేస్తారు. పైగా ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఈ పిచ్చి లేదట. ఆ మాయదారి జ్వరం ఊళ్ళమీద పడ్డ ఏడాది దంపతులిద్దరికీ వచ్చి తగ్గింది, అప్పటినుంచే ఇది. జ్వరం తలకెక్కిందని కాలనీవాళ్ళ నిర్ధారణ.

ఆ తలతో, అంటే ఆ ముక్కుతో, అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డవాడు బాలేష్. మేడ్చల్ బస్ డిపో వెనక ఉంటాడు, సొంత కారు కిరాయికి నడుపుతాడు. రాజారావు గారి ఇల్లు శామీర్‌పేట వెళ్ళే దారిలో ఓ కొత్త కాలనీలో ఉంది. అక్కడ సగానికి సగం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగస్థులు. మొదటిరోజు కారెక్కగానే, అద్దం కింద వేలాడుతున్న మల్లె సెంటు సీసాను రాజారావు గారు అనుమానంగా చూశారు.

"దేన్ని దాస్తున్నావయ్యా?"

"దాసుడేంది సార్? మల్లెపూల వాసన."

"అది పైన. దాని కింద ఏముందీ అని."

కింద వెతికితే, వెనక సీటు అడుగున ఎవరో మరిచిపోయిన ఉల్లిగడ్డల సంచి కుళ్ళి దొరికింది. బాలేష్ ఆ రోజే సీసా పీకి పారేశాడు. అప్పటినుంచి వాడికి ఆయనంటే గౌరవమూ, విసుగూ సమానంగా ఉండేవి. రెండూ పెరుగుతూ వచ్చాయి.

రాజారావు గారి భార్య అమ్మడు గారు. ఆయనలాగే గోదావరి జిల్లా మనిషి; ఆవకాయకు, మజ్జిగ పులుసుకు ఆవిడ చేయి పెట్టింది పేరు. ఒకప్పుడు వీధి చివర నిలబడి ఏ ఇంట్లో ఏ పోపు వేస్తున్నారో చెప్పేవారట. ఇప్పుడు ఆవిడ ఖ్యాతి వేరు, అది ఓర్పు. జవహర్‌నగర్ చెత్తగుట్టల మీదుగా గాలి మళ్ళిందంటే కాలనీలో కిటికీలన్నీ టపటపా మూసుకుంటాయి, ఆడామగా ముక్కులకు గుడ్డలు కట్టుకుని మునిసిపాలిటీని తిట్టిపోస్తారు. అమ్మడు గారు మాత్రం మేడమీద కూనిరాగం తీస్తూ వడియాలు పెట్టుకుంటూ ఉంటారు. "ఏం ఓర్పు తల్లీ," అని ఇరుగుపొరుగు ముక్కున వేలు, అంటే అప్పటికే గుడ్డ ఉంటుంది కనుక గుడ్డమీద వేలు, వేసుకునేవారు. ఆ ముక్కుతో కాపురం చేస్తూ అలవాటైందిలే అని సరిపెట్టుకునేవారు.

ఎందుకంటే వంటింట్లో కూడా రాజారావు గారు ఆవిడ వెనకే నిలబడతారు. "ఇంగువ వేగింది, దించెయ్", "పెరుగు పులిసింది, రేపటికి ఆగదు". ఇంకో ఇల్లాలైతే గరిటె ఆయన నెత్తిమీద మోగించేది. అమ్మడు గారు "అలాగేనండీ" అని నవ్వేసేవారు. మగాణ్ణి అంత నెత్తికెక్కించుకోకూడదని పొరుగావిడలు ఎన్నోసార్లు హితబోధ చేశారు.

అలాంటి దంపతులకు నలభయ్యో పెళ్ళిరోజు వచ్చిపడింది. సుప్రజా, కొడుకు సుజిత్ కలిసి అమ్మానాన్నలకు పెద్ద హోటల్లో రెండు రోజుల విడిది కానుక అన్నారు. సుజిత్ ఈమధ్యే బహదూర్‌పల్లిలో ఇల్లు కొన్నాడు, వాయిదాలు నెత్తిమీద ఉన్నాయి. కనుక ఇంతలోపల చూసుకోండి నాన్నా అని ఒక హద్దు చెప్పాడు. అమ్మడు గారు పుట్టి బుద్ధెరిగి పెద్ద హోటల్లో పడుకోలేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళి కింది హాల్లో భోంచేసి, పైన గదులు ఎలా ఉంటాయో అనుకుంటూ వచ్చేయడమే. ఆవిడ ఆ పూటే చక్రాల పెట్టె కొని, చీరలు సర్దేసి, కాలనీ అంతా చెప్పేశారు. ఇక వెళ్ళకపోతే వీధిలో తలెత్తుకోవడం కష్టం. ఉన్నది వారం.

"హోటల్ నేను చూసి వస్తాను," అన్నారు రాజారావు గారు. ఫోన్లో బొమ్మలు చూసి గది తీసుకోవచ్చని సుజిత్ నచ్చజెప్పబోయాడు. ఫోన్లో వాసన వస్తుందా అని ఆయన అడిగారు.

మొదటిది మేడ్చల్ హైవే మీద, నిలువెల్లా అద్దాల మేడ. రాజారావు గారు లోపలికి వెళ్ళి ముందు కర్టెన్ వాసన చూశారు, తరవాత సోఫా, తరవాత పూలకుండీలో మట్టి. అది ప్లాస్టిక్ పువ్వు అని తేలాక నిట్టూర్చి, వంటశాల ఎటువైపు అన్నారు. వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ బాలేష్‌ను చూసి మేనేజర్‌కు చెమటలు పట్టాయి. ఆహార తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి, ఆయన వెంట బంట్రోతు అనుకున్నాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి జీడిపప్పు, బాదం, కాఫీ తెప్పించాడు. రాజారావు గారు కాఫీని పీల్చి, చికోరీ ఎక్కువైందన్నారు. మేనేజర్ క్షమాపణ చెప్పాడు. ఫ్రిజ్ తలుపు తీయించి, నిన్నటి పనీర్ ఉందన్నారు. మేనేజర్ దాన్ని ఆయన కళ్ళముందే పారబోయించాడు. అప్పుడాయన గొంతు సవరించుకుని, భార్యాభర్తలకు రెండు రోజులకు గదిలో ఏమైనా తగ్గిస్తారా అని అడిగారు. జీడిపప్పు పళ్ళెం ఎంత వేగంగా వచ్చిందో అంతకంటే వేగంగా వెనక్కి వెళ్ళిపోయింది.

"బాదం రెండు జేబులేసుకున్న సార్," అన్నాడు బాలేష్ కారెక్కాక. అదొక్కటే ఆనాటి రాబడి.

రెండోచోట తలుపు తీయగానే నిమ్మగడ్డి అత్తరు గుప్పుమంది. రాజారావు గారు గుమ్మంలోనే వెనుదిరిగారు. భవనానికే ముసుగేశారన్నారు. మూడోది నిజంగా పెద్ద హోటల్. ఎవరో గది రద్దు చేసుకుంటే వీళ్ళ హద్దులోకే దిగింది. బాలేష్ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. దిండు, దుప్పటి, స్నానాల గది, అలమర, అన్నీ పీల్చడం అయింది. ఈసారి బాలేష్ కూడా పీల్చాడు.

"ఏ వాసనా లేదు సార్. సాఫ్ ఉన్నది."

"అదేనయ్యా లోపం. ఇక్కడ ఏ వాసనా లేదు," అని దిగులుగా లిఫ్టెక్కారు రాజారావు గారు.

మర్నాడు పొద్దున బాలేష్ ఒక నిర్ణయంతో వచ్చాడు. గీ ముక్కును తిప్పుడు నాతోని గాదు, ఇంకో కారు జూస్కోండ్రి అని చెప్పేయాలి. రాజారావు గారు స్నానానికి వెళ్ళారు. హాల్లో గోడవారగా చక్రాల పెట్టె బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అమ్మడు గారు వాడిని కూర్చోమని, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి గోడు వెళ్ళబోసుకున్నారు. పెట్టెలో సర్దిన చీరలు ముడతలు పడిపోతున్నాయనీ, పక్కింటావిడ రోజూ ఇంకా వెళ్ళలేదా అంటోందనీ.

"నువ్వైనా చెప్పు బాలేషూ. ఆ ముక్కుకి స్వర్గం చూపించినా ఏదో వంక పెడుతుంది."

వంటింట్లోంచి మాడిన పాల వాసన ముందు సన్నగా, తరవాత పొగతో సహా వచ్చింది. ఇల్లంతా నిండింది. వాడు లేవబోయి ఆగాడు. అమ్మడు గారు వంటింటి గుమ్మంలోనే నిలబడి, నవ్వుతూ, పెద్ద హోటల్లో పొద్దున టిఫిన్ ఎన్ని రకాలు పెడతారని అడుగుతున్నారు. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు.

రాజారావు గారు తలమీంచి నీళ్ళు కారుతుండగా తువ్వాలుతో పరిగెత్తుకొచ్చారు. స్టవ్ కట్టేసి, "నాదే తప్పు అమ్మడూ, మంట నేనే పెంచి వెళ్ళాను," అన్నారు.

ఆవిడ చటుక్కున బాలేష్ వైపు చూసి, పైట సర్దుకుని, "ఆయనంతే, ఒకటే మతిమరుపు," అన్నారు. పాలు పెట్టింది ఎవరో బాలేష్ కళ్ళారా చూశాడు. అప్పటికే రాజారావు గారు స్నానాల గదిలో ఉన్నారన్నదీ వాడికి తెలుసు.

మానేస్తానని చెప్పడానికి వచ్చినవాడు కారు తీశాడు. శామీర్‌పేట రోడ్డు ఎక్కాక అడిగాడు.

"అమ్మకు వాసన తెలుస్తలేదు గదా సార్?"

రాజారావు గారు కిటికీలోంచి చూస్తూనే చెప్పారు. ఆ జ్వరంలో పోయింది. ఆయనది నెలలో తిరిగొచ్చింది, ఆవిడది రాలేదు. చేతివంటకు పేరున్న మనిషి, నాకు ఇంగువకీ ఇటుకకీ తేడా తెలియడం లేదని నలుగురిలో ఎలా చెప్పుకుంటుంది? అందుకని తనే ఆవిడకు ముక్కు అయ్యారు. ఒక్క వంటింట్లోనే వాసన చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అన్నిచోట్లా చూస్తే పిచ్చివాడనుకుని ఊరుకుంటారు.

బాలేష్ బండి పక్కకు ఆపాడు. అల్లుడి భుజమూ, పేపరూ, కర్టెన్లూ, అన్నీ వాడి కళ్ళముందు గిర్రున తిరిగాయి. కాసేపటికి ఒక్క సందేహం మిగిలింది.

"అట్లయితే ఏ హోటలైనా ఒకటేనాయె. గింత పరేషాన్ ఎందుకు సార్?"

"డాక్టరు చెప్పాడయ్యా, తెలిసిన వాసనల మధ్య ఉంచుతూ ఉండండి, ఎప్పుడో ఒకరోజు చప్పున తిరిగి రావచ్చని. ఆ రోజు ఆ రెండు రోజుల్లోనే ఉందనుకో. ఇన్నేళ్ళ తరవాత అమ్మడు ముక్కుకు మొదట తగిలేది ఏ రూమ్ ఫ్రెషనరో అయితే, నాకు సిగ్గుగా ఉండదూ?"

బాలేష్ బండి తిప్పి, చెరువు దగ్గరున్న ఒక పాత రిసార్టుకు తోలాడు. పెళ్ళి పార్టీలను దింపడానికి ఎన్నోసార్లు వెళ్ళిన చోటు. గొప్పదే, కానీ కొత్త మోజులో వెనకపడి వారం మధ్యలో గదులు అందుబాటు ధరకు ఇస్తున్నారు. తోటమాలి ఎర్రమట్టి మీద నీళ్ళు చల్లుతున్నాడు. వరండాకు వట్టివేళ్ళ తడకలు. గది వెనక సంపెంగ చెట్టు. వంటశాలలోంచి కరివేపాకు పోపు. రాజారావు గారు ముక్కెత్తి, కళ్ళు మూసుకుని, తోటలో అలాగే నిలబడిపోయారు. మేనేజర్ ఈతకొలను చూపించబోతే బాలేష్ అడ్డుపడ్డాడు.

"నీళ్ళది తర్వాత. దిండ్లు తెప్పియ్యి, వాసన జూడాలె."

మర్నాడే అమ్మడు గారు చక్రాల పెట్టెను కాలనీ అంతా వినబడేలా లాగుకుంటూ బయల్దేరారు. అక్కడ మెత్తటి పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూసుకున్నారు. సంపెంగ చేతికిస్తే "ఆహా, ఎంత బాగుందో," అన్నారు. ఆవిడ అబద్ధం ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని ఆవిడకూ తెలుసు. తడిమట్టి అయింది, వట్టివేరు అయింది. ముక్కు పలకలేదు.

ఆఖరి పొద్దున తీసుకెళ్ళడానికి వచ్చిన బాలేష్‌ను కూడా టిఫిన్‌కు కూర్చోబెట్టారు. పొగలు కక్కుతూ ఉప్మా వచ్చింది. అమ్మడు గారు చెంచా నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశారు. ముఖం చిట్లించారు.

"ఏమండీ, ఉప్మా అడుగంటింది."

రాజారావు గారు తన పళ్ళెం పీల్చి చూశారు. నిజమే. సన్నటి మాడు. ఆయన ముక్కుకు కూడా మొదట అందనంత సన్నటిది. ఆ మాట విన్న మేనేజర్ పరిగెత్తుకొచ్చి, పొరపాటైందనీ, క్షణంలో మార్పిస్తాననీ పళ్ళెం మీద చేయి వేశాడు.

"ముట్టుకోకు," అన్నారు రాజారావు గారు, పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని. "ఇదే ఉప్మా. అడుగున ఇంకా మాడింది ఉంటే అది కూడా గీకి పట్టుకురా."

మేనేజర్ ఈ ఉద్యోగంలో చాలా మందిని చూశాడు, ఇలాంటివాణ్ణి చూడలేదు. అమ్మడు గారు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా పైటకొంగు అడ్డం పెట్టుకున్నారు. బాలేష్ ఒకసారి ఆయన్ను, ఒకసారి పళ్ళేన్ని చూశాడు.

"గన్ని హోటళ్ళు దిరిగి, గంత ఎతికి, ఆఖరికి మాడిన ఉప్మానా సార్?"

"మస్తుందయ్యా," అన్నారు గోదావరి రాజారావు గారు, రెండో పళ్ళెం లాక్కుంటూ.

తిరుగు దారిలో కాలనీ మలుపు దగ్గర గాలి మళ్ళింది. జవహర్‌నగర్ నుంచి అసలు సిసలు వాసన కారు నిండా దిగింది. అమ్మడు గారు కొంగు ముక్కుకు నొక్కిపట్టి, "ఛీ, ఇదేం కంపండీ, ఇన్నాళ్ళూ మనుషులు దీంట్లో ఎలా ఉంటున్నారు," అని మొదలుపెట్టి మునిసిపాలిటీని, గాలిని, ఈ కాలనీలో స్థలం కొన్న మొగుణ్ణి వరసగా తిట్టసాగారు. బాలేష్ గబగబా అద్దం ఎక్కించబోయాడు.

"ఎక్కించకు," అన్నారు రాజారావు గారు, సీట్లో వెనక్కి వాలి, సంగీత కచేరీ వింటున్నవాడిలా కళ్ళు మూసుకుని. "పూర్తిగా దించు. కొంచెం నెమ్మదిగా పోనీ."